సిమెంటు కళ్లం మీద ఐస్ హాకీ

మా ఆయన తలపెట్టి పూర్తిచేయలేకపోయిన పని ఒకటి ఉంది. ఆయన సంవత్సరీకానికి నేను దాన్ని జరిపిద్దామనుకున్నాను. తేదీ పెట్టడంలోనే తప్పు చేశాను.

ఆయన జఫర్‌గఢ్ వైపు ఒక బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు. నేను జనగామలో గ్రంథాలయ ఉద్యోగిని. అట్ట ఊడిన పాత ఆటల పుస్తకం ఒకదాన్ని బైండింగుకు పంపే ముందు ఇంటికి తెచ్చాను. ఐస్ హాకీ తొలినాటి ప్రపంచ పోటీ గురించి అందులో రెండు పేజీలున్నాయి. ఒలింపిక్స్‌తో కలపకుండా విడిగా పెట్టిన మొదటి పోటీ అది. ఫ్రాన్సులో ఒక కొండ ఊళ్లో, చలికి దానంతటదే గడ్డకట్టిన మంచు మీద మొదలైంది. మధ్యలో వాతావరణం వేడెక్కి ఆ మంచు కరిగిపోయింది. అయినా పోటీ రద్దు చేయలేదు. ఫైనల్‌ను బెర్లిన్‌కు మార్చారు. కెనడా గెలిచింది.

మా ఆయనకు మాత్రం జపాన్ జట్టు మీద మనసు పడింది. "గంత దూరం పోయి ఓడిపోయిండ్రు గద, తిరిగొచ్చేటప్పుడు ఏం మాట్లాడుకున్నరో" అని అన్నం తింటూ అడిగేవాడు. పుస్తకంలో ఆ సంగతి లేదు.

కొన్నాళ్లకు ఆ ఆటను మన పిల్లలతో ఆడిస్తానన్నాడు. కొడకండ్ల దగ్గర వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం నున్నగా ఉంటుంది. దాని మీద నీళ్లు చల్లి, బూట్లు లేకుండా హాకీ కర్రలతో ఆడాలి. భూపాలపల్లి గనుల్లో పనికిరాదని పడేసిన బొగ్గు మోసే బెల్టు నుంచి, అక్కడి బడిలో పీఈటీగా ఉన్న ఆయన స్నేహితుడు బంతికి బదులు రబ్బరు బిళ్లలు గుండ్రంగా కోసి పంపాడు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి తలా ఆరుగురు ఆడపిల్లలు. ఇదంతా నోటుబుక్కులో రాసి, పైన "వచ్చే దసరా సెలవుల్లో" అని పెట్టి, దాని కింద రెండు గీతలు కొట్టాడు. అది రాసిన నెలకే, కార్తీకంలో పోయాడు.

నేను పోటీని దసరా నుంచి జరిపి సంవత్సరీకం మరునాటికి పెట్టాను. అందరూ సరేనన్నారు.

ముందురోజు సంవత్సరీకం ముగించుకుని, సాయంత్రం మా జనగామ జట్టులోని తండా పిల్లలతో ఆట గీతలు వేద్దామని కళ్లం దగ్గరికి వెళ్తే, ఈ చివర నుంచి ఆ చివరిదాకా వడ్లే. ఒక అవ్వ తన వడ్లు కుప్పచేస్తూ నా చేతిలో సున్నం డబ్బా చూసింది.

"ఏంది బిడ్డ, వడ్లకు ముగ్గేస్తవా?"

సంగతి చెప్పాను.

"కోతలప్పుడు కళ్లం ఖాళీగుంటదా? ఏ ఊరు నీది?"

"నర్మెట్ట."

"నర్మెట్టల వడ్లు పండయా?"

పిల్లలు నవ్వారు. నేను రైతుల ఇంట్లోనే పుట్టాను. ఆ ఏడాదంతా రోజూ బస్సులో పొలాల మధ్య నుంచే వెళ్లొచ్చాను. పైరు ఎప్పుడు పండిందో చూడలేదు. దసరాకు ఇంకా కోతలు మొదలుకావు. ఆయన దాని కింద రెండు గీతలు ఎందుకు కొట్టాడో అప్పుడు అర్థమైంది.

అప్పటికే మిగతా రెండు జట్లూ దిగాయి. భూపాలపల్లి పీఈటీ కళ్లం చూసి అన్నాడు. "పరేషాన్ గాకు వదినె. పొద్దుగాల బస్సుకు పిల్లలను తీస్కపోత." మంచితనంతోనే అన్నాడు. కానీ వాళ్లు వెళ్లిపోతే ఇక ఎప్పటికీ ఆ ఆట నోటుబుక్కులోనే ఉండిపోతుందని నాకు తెలుసు. ఇంత దూరం రావడానికి పిల్లలకు ఇంకోసారి అనుమతి దొరకదు.

ఆయన దగ్గర ఆట నేర్చుకున్న తండా పిల్ల ఒకతి నా పక్కకొచ్చింది. "మేడం, మంచు కరిగితే ఇంకో ఊరికి పోయిండ్రని సార్ చెప్పిండు గద. మనం యాడికి పోదం?"

బడి మైదానం మట్టిది, బిళ్ల కదలదు.

అవ్వ అందుకుంది. "యాడికి పోవుడెందుకు? మేం పొద్దుగాలనే వడ్ల మీద కప్పిన పట్టాలు తియ్యం. తేమ ఆరాలె. కుప్పలు జర దగ్గరికి ఎగేస్తే సగం కళ్లం మీదే. ఎండొచ్చేదాంక ఆడుండ్రి. ఆరబోసుడు మాత్రం మీ వంతు."

ఆ సాయంత్రం పద్దెనిమిది మంది పిల్లలూ రైతులతో కలిసి వడ్లు ఎగదోశారు.

తెల్లారేసరికి మంచు కురిసి సిమెంటు తడిగా ఉంది. నీళ్లు చల్లే పని పడలేదు. బిళ్ల పట్టాల కిందికి దూరినప్పుడల్లా ఆట ఆగింది. చివరికి అవ్వే నియమం పెట్టింది: "నా కుప్పకు తాకిచ్చినోళ్లది తప్పు. బిళ్ల అవతలోళ్లకు." భూపాలపల్లి రెండు ఆటలూ ఓడింది. మాకూ మహబూబాబాద్‌కూ ఆట సగంలో ఉండగా ఎండ అవ్వ కుప్ప మీదికొచ్చింది. పక్క రైతులు పట్టాలు తీయడం మొదలుపెట్టారు. అవ్వ వంగి సిమెంటు మీద అరచెయ్యి ఆనించింది.

"ఇంకింత తడున్నది. ఆడుండ్రి."

తడి లేదు. అది ఆమెకూ తెలుసు. మహబూబాబాద్ గెలిచేదాకా తన పట్టా మీద చెయ్యి వేయలేదు.

తర్వాత అందరం వడ్లు ఆరబోశాం. నేను భూపాలపల్లి పిల్లల వెనకాల కాళ్లతో వడ్లు పలచగా నెరుపుతూ నడిచాను. వాళ్లు నన్ను పట్టించుకోలేదు.

"నువ్వు గోలు కాడ నిద్రవోయినవ్."

"నువ్వు కొట్టిందంత అవ్వ కుప్పకే గదనే."

"ఓడితే ఓడినం గని, వచ్చేసారి మా దగ్గర పెట్టమందం. మా దగ్గర వడ్లడ్డం రావు."

"బొగ్గు అడ్డమొస్తది."

వాళ్ల నవ్వు బస్సెక్కేదాకా ఆగలేదు.

ఇంటికొచ్చి నోటుబుక్కు తెరిచాను. ఆయన రాసినదాని కింద, ఓడినవాళ్లు మాట్లాడుకున్న ఆ నాలుగు మాటలూ ఉన్నవి ఉన్నట్టు రాశాను. దసరా కింద ఇంకో గీత కొట్టి, భూపాలపల్లి పీఈటీకి ఫోన్ చేశాను.