బొబ్బిలి మీదుగా రమ్మన్నాను

విజయనగరంలో మాది స్టీలు సామాన్ల కొట్టు. నాన్న పెట్టింది, నేను నడుపుతున్నాను. నలభై దాటాక ఒంట్లో షుగరు బయటపడితే డాక్టరు రోజూ నడవమన్నాడు. నడక నాకు విసుగు. చిన్నప్పుడు నాతో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడు, ఇప్పుడు హైస్కూల్లో లెక్కల మాస్టారు, "నడవకపోతే మానీ, సైకిలు తొక్కుదాం రా బావా" అన్నాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు. మా వైపు స్నేహం ముదిరితే బావే.

అలా మొదలై ఆరేళ్లు ఆదివారం ఆదివారం ఇద్దరమే తిరిగాం. దారులు వెతకడం నా పని. ఫోన్లో మ్యాపు చూసి, కొట్టుకు సరుకు తెచ్చే లారీ డ్రైవర్లను అడిగి, హైవే ఎక్కకుండా ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లొచ్చో నోటుపుస్తకంలో గీసుకునేవాణ్ణి. దారి చీలినచోటల్లా అతను బ్రేకు నొక్కి, వెనక్కి తిరిగి, "ఎటు బావా?" అనేవాడు. నేను చెయ్యి చూపించేవాణ్ణి. ఇంట్లో గానీ కొట్లో గానీ నన్నెవరూ అంత నమ్మకంగా ఏదీ అడగరు. వారమంతా ఆ రెండు మాటల కోసమే ఎదురుచూస్తున్నానని అప్పట్లో నాకు తెలియదు.

ఒక ఆదివారం చింతపల్లి బీచి నుంచి తిరిగి వస్తుంటే సరుగుడు తోటల దగ్గర మాస్టారి సైకిలు చైను తెగింది. నా దగ్గరున్న పనిముట్లతో అరగంట కుస్తీ పట్టాను. చేతులు నల్లబడ్డాయి తప్ప పని కాలేదు. అటుగా వెళ్తున్న ఒకాయన ఆగాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, ఎండకు కమిలిన ఒళ్లు. ఒక మేకు, ఒక రాయి తీసుకుని చైను కలిపి చేతికిచ్చాడు. ఇరవయ్యేళ్లు సైకిలు మీద చేపల బుట్ట కట్టుకుని ఊరూరా అమ్మాడట. ఇప్పుడు ఒడ్డున చేపలు కొని ఆటోలో పంపుతున్నాడు. సైకిలు ఇంట్లో ఊరికే ఉంది.

"మీరిలగ ఎందుకు తిరుగుతన్నారు? ఏటైనా అమ్ముతారేటి?" అని అడిగాడు.

"ఏమీ అమ్మం. ఊరికే తిరుగుతాం" అన్నాడు మాస్టారు.

ఆయన మా సైకిళ్లను ఒకసారి పరకాయించి చూశాడు. "బరువు నేకుండా సైకిలు తొక్కితే ఎలగుంటాదో నాకూ సూడాలని ఉన్నాది. మీ యెనకాల వస్తే ఏటైనా అనుకుంటారేటి?"

మాస్టారికి ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆ వారమంతా కనబడినవాళ్లందరికీ చెప్పాడు. పై ఆదివారం చేపలాయన పూసపాటిరేగ కూడలిలో మాకోసం కాచుకుని ఉన్నాడు. గేర్లు లేని సైకిలు, వెనక ఇనప క్యారేజీ, కాళ్లకు హవాయి చెప్పులు. ఎత్తు ఎక్కేటప్పుడు మాకు రొప్పు వస్తే ఆయనకు మాటలు వచ్చేవి. మాస్టారు నెల తిరక్కుండా ఆయన్ని "మావా" అనడం మొదలుపెట్టాడు. నేను ఏమీ పిలిచేవాణ్ణి కాదు. ఆయన మాత్రం నన్ను "సావుకారూ" అని నిండుగా పిలిచేవాడు.

నన్ను పొడిచింది ఒక చిన్న సంగతి. రణస్థలం దాటాక జీడితోటల మధ్య దారి రెండుగా చీలింది. మాస్టారు బ్రేకు నొక్కాడు. నేను చెయ్యి ఎత్తబోయాను. అతను నన్ను దాటి వెనక్కి చూసి, "ఎటు మావా?" అన్నాడు.

"ఎడమేపు పోదారి. నీడుంటాది" అన్నాడాయన.

నా పుస్తకంలో కుడివైపు గీసి ఉంది. ఎడమవైపు నిజంగానే నీడ ఉంది, ఆ దారిలోనే చల్లటి నీళ్లిచ్చిన ముసలమ్మ ఇల్లూ ఉంది. "ఏటి, సేపలు మానీసినావంట?" అని ఆవిడ ఆయన్ని పలకరించింది. నేను సగం తాగి గ్లాసు ఇచ్చేశాను.

తర్వాత అన్నీ లెక్కపెట్టుకోవడం మొదలైంది. ఆయన ఎన్ని మాటలు చెబితే మాస్టారు ఎన్నిసార్లు నవ్వాడు, ఎవరి పక్కన తొక్కాడు, టీ మొదట ఎవరికిచ్చాడు. మా ఇంటావిడ ఒకసారి అంది: "ఆదివారాలు బాగా గడిస్తే సోమవారాలు ఇలాగుంటారేటండీ?"

నిరుడు దసరా సెలవుల్లో నాలుగు రోజుల ప్రయాణం వేశాను. ముందు కోస్తా వెంట శ్రీకాకుళం దాకా, అక్కణ్ణుంచి లోపలికి ఆమదాలవలస, పాలకొండ మీదుగా పార్వతీపురం, తర్వాత సాలూరు, చివరికి ఇల్లు. దారి బాగుంటుందని వేశానని అందరికీ చెప్పాను. నిజానికి చేపలాయన రాజాం దాటి ఎప్పుడూ పోలేదని నాకు తెలుసు. ఆయనకు తెలియని నేల మీద మాస్టారు మళ్లీ నన్నే అడుగుతాడని నా ఆశ.

మొదటి రోజు ఆయన రాజ్యమే. ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు ఆపారు. అరసవల్లిలో లాడ్జి గది కోసం నేను మూడుచోట్ల అడిగి లేదనిపించుకుంటే, ఆయన ఎప్పుడో చేపలు పోసిన హోటలువాడితో మాట్లాడి గది ఇప్పించాడు. రెండో రోజు పాలకొండ దాటేసరికి ఆయన మాటలు తగ్గాయి. ఎవరూ పలకరించడం లేదు. దారి చీలినచోట ఆయనే నన్ను అడగడం మొదలుపెట్టాడు. నాకు కాళ్లలో కొత్త బలం వచ్చినట్టనిపించింది.

మూడో రోజు పొద్దున్న పార్వతీపురం దాటుతుండగా ఆయన టైరు పంక్చరయింది. మాస్టారు ముందు వెళ్లిపోయి కొంత దూరంలో టీ కొట్టు దగ్గర ఆగాడు. చేపలాయన ఫోను కూడా మాస్టారి సంచిలోనే చార్జింగులో ఉంది. అక్కడే పంక్చరు షాపుంటే సైకిలు అప్పగించాం.

"మీరెల్లండి సావుకారూ. నాను ఎనకే వచ్చీస్తాను. దారి సెప్పండి" అన్నాడాయన.

సాలూరుకు రెండు దారులు. మేం వెళ్లేది మక్కువ మీదుగా, కొండల వారన. రెండోది బొబ్బిలి, రామభద్రపురం మీదుగా చుట్టుదారి, లారీలతో నిండి ఉంటుంది. ముందుగా ఏమీ అనుకోలేదు. నోరు తెరిచాను, ఆ మాట వచ్చింది.

"బొబ్బిలి మీదుగా వచ్చీ. రామభద్రపురం కూడల్లో ఆగుతాం."

మాస్టారి దగ్గరికి వెళ్లి, "మక్కువ దారి చెప్పాను, వచ్చేస్తాడు" అన్నాను.

కుడివైపు కొండలు, పచ్చటి వరి, రోడ్డు మీద మేమిద్దరమే. ఏడాదిన్నరగా నేను కోరుకున్నది అదే. మాస్టారు మాత్రం ప్రతి మైలుకీ వెనక్కి తిరిగి చూశాడు. "మావ ఇది చూడాలి బావా" అని రెండుసార్లు అన్నాడు. సాలూరు వచ్చాక లారీ షెడ్ల మధ్య ఒక టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. గంట గడిచింది. మాస్టారు లేచాడు.

"ఎక్కడో పడిపోయుంటాడు. ఫోనూ నా దగ్గరే ఉంది. వెనక్కెళ్లి చూసొస్తాను."

అప్పుడైనా చెప్పొచ్చు. "ఎండలో ఎందుకు, వస్తాడులే" అన్నాను, అంతే. అతను వెళ్లిపోయాడు.

మరో గంటకు చేపలాయన రామభద్రపురం వైపు నుంచి వచ్చాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. దిగగానే, "మేస్టారేరి?" అన్నాడు.

"నిన్ను వెతకడానికెళ్లాడు."

"ఎటేపు?"

"మక్కువ దారిలో."

ఆయన నా మొహంలోకి చూశాడు. "మరి బొబ్బిలన్నారు కదేటి" అన్నాడు, గట్టిగా కాదు. నేను గ్లాసులో మిగిలిన టీ చూస్తూ కూర్చున్నాను. ఆయన కుళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కున్నాడు.

మాస్టారి దగ్గరున్న ఫోనుకు చేశాం. ఎత్తింది ఎవరో ఆటో డ్రైవరు. కల్వర్టు దగ్గర కంకరలో మాస్టారు జారి పడ్డాడట, ఆటోలో తెస్తున్నాడు. ఆటో దిగేసరికి మాస్టారి కుడి మణికట్టు వాచి ఉంది, నొప్పికి పెదవి కొరుకుతున్నాడు. ఆ స్థితిలోనూ మొదట అన్నది, "ఎటు పోయావు మావా?"

నేను చేపలాయన వైపు చూశాను.

"దారి తప్పినాను మేస్టారూ" అన్నాడాయన.

సాలూరు ఆసుపత్రిలో కట్టు కట్టించి, సాయంత్రం మాస్టారిని వ్యానులో ఇంటికి పంపాం. మర్నాడు మేమిద్దరమే తొక్కుకుంటూ బయల్దేరాం. రామభద్రపురం కూడలిలో ఒక బడ్డీ ముందున్న బల్ల చూపించి, "ఇక్కడే కూకున్నాను. టోపీలెట్టుకున్నోలు ఇద్దరెల్లారేటని అందర్నీ అడిగినాను" అన్నాడు. దెప్పినట్టు అనలేదు. అది మరీ బాధగా ఉంది.

"నిన్న నా పేరెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"సెప్తే ఏటవుద్ది? మీ ఇద్దరిదీ సిన్ననాటి సావాసం, నాను నిన్నగాక మొన్నొచ్చినోణ్ణి. మీరూ మీరూ ఇడిపోతే నానెవలితో తిరగాలి? నాకూ ఈ తిరుగుడు కావాలి సావుకారూ."

ఆయన మంచితనం కొద్దీ నన్ను కాపాడాడని అనుకుంటే తేలికగా ఉండేది. ఆయనా నాలాగే ఏదో పోతుందని భయపడ్డాడు. భయపడి ఆయన నోరు మూసుకున్నాడు, నేను అబద్ధమాడాను. తేడా అంతే, కానీ అదేం చిన్న తేడా కాదు.

వారం తర్వాత మాస్టారి ఇంటికి వెళ్లి అంతా చెప్పేశాను.  అతను కట్టు ఉన్న చేతిని ఒళ్లోకి తీసుకుని, "ఇప్పుడు ఇంటికెళ్లు బావా. నాకు కోపం వస్తన్నాది" అన్నాడు. రెండు నెలలు బళ్లో బోర్డు మీద ఎడమ చేత్తో లెక్కలు రాశాడు. కట్టు విప్పాక ఆదివారాలు వాళ్లిద్దరే వెళ్లారు. ఒక పొద్దున్న కొట్టు తెరుస్తుంటే ఎదుటి రోడ్డు మీద ఇద్దరూ పక్కపక్కన తొక్కుకుంటూ పోయారు. నేను షట్టరు సగంలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అసూయ అంటే మంట అంటారు. నాకు మాత్రం తడిబట్ట కట్టుకున్నట్టు చలిగా ఉంది.

మార్చిలో మాస్టారే ఫోను చేశాడు. "ఎల్లుండి కోట వైపు వెళ్తున్నాం. వస్తే రా." మాటలో చనువు లేదు, పిలుపు మాత్రం ఉంది. వెళ్లాను. ఇప్పుడు ముగ్గురం వెళ్తున్నాం. మాస్టారు దారి నన్నూ అడగడు, ఆయన్నీ అడగడు. ఫోను సైకిలుకు బిగించుకున్నాడు. మణికట్టు పూర్తిగా వంగదు, బ్రేకు నొక్కినప్పుడల్లా కాస్త మొహం ముడుస్తాడు.

పోయిన వారం కొత్తవలస దగ్గర రైల్వే గేటు పడింది. కిరండూలు లైను గూడ్సు, ఇనప రాయి నింపుకుని ఎంతసేపటికీ తరగలేదు. వాళ్లిద్దరూ గేటుకు ఆనుకుని పెట్టెలు లెక్కపెడుతున్నారు. లెక్క తేడా వచ్చి వాదించుకుంటున్నారు. నేను రెండు సైకిళ్ల వెనక ఉన్నాను. అసూయ పోయిందంటే అబద్ధం. కడుపులో ఉంది, కూర్చుని ఉంది.

"మావా, నీదే తప్పు. యాభై ఎనిమిది" అన్నాను.

చేపలాయన వెనక్కి తిరిగి, "మీరూ ఎంచినారేటి?" అని కొంచెం జరిగి, గేటు దగ్గర నాకు చోటిచ్చాడు.