స్క్రూ చుట్టూ రంగుల వలయాలు

జనగామ నుంచి సికింద్రాబాద్ వెళ్లిరావడాన్ని యాత్ర అంటే మా ఊళ్లో నవ్వుతారు. చీరలకు, కళ్లద్దాలకు, పెద్ద డాక్టర్లకు జనం పొద్దున రైలెక్కి సాయంత్రానికి తిరిగొస్తూనే ఉంటారు. నేను వెళ్లింది రెండు వేళ్ల వెడల్పున్న ప్లాస్టిక్ పలక ఒకటి ఎందుకు పగులుతోందో తెలుసుకోవడానికి. మా పాప వేసుకునేలాంటి బూట్లే తమ పిల్లలకూ వేస్తున్న ఇద్దరు ముగ్గురు తల్లులు వివరాలు అడిగారు. అందుకే పాప పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను.

పాప పేరు మిన్ను. ఇరవై నెలలు. ఎడమ పాదం లోపలికి తిరిగి పుట్టింది. డాక్టర్లు వారం వారం కట్లు మార్చి దాన్ని సరిచేశారు. ఇప్పుడు పగలంతా అందరు పిల్లల్లాగే నడుస్తుంది. నిద్రపోయేటప్పుడు మాత్రం బ్రేసు తొడగాలి. బ్రేసు అంటే రెండు బూట్లు, వాటిని దూరంగా పట్టి ఉంచే ఒక అడ్డ కడ్డీ. నాలుగేళ్లు నిండేదాకా ఇది తప్పదు. మధ్యలో మానేస్తే పాదం మళ్లీ లోపలికి తిరుగుతుందని, అప్పుడు కట్లు మొదటి నుంచీ వేయాల్సి వస్తుందని డాక్టరు ముందే చెప్పారు.

ఒక్కో బూటును కడ్డీకి కలిపేది ఒక ప్లాస్టిక్ పలక. దాని మధ్యలో ఒక స్క్రూ. ఎడమ బూటు పలక ఆ స్క్రూ రంధ్రం దగ్గరే పగిలింది. కొత్తది వేయించాం. అదీ అక్కడే పగిలింది. మూడోది చేతికొచ్చేదాకా మిన్ను బ్రేసు లేకుండానే పడుకుంది. ఆ రాత్రులు నేను దాని పాదాన్ని చేత్తో పట్టుకుని కూర్చున్నాను. మూడో పలక పగలకముందే కారణం తెలియాలి.

నా అనుమానమంతా ఆ పలకలు చేసిన లతీఫ్ భాయ్ మీద. రాంగోపాల్‌పేట్‌లో ఆయనకు చిన్న దుకాణం ఉంది. నాసిరకం ప్లాస్టిక్ వాడుతున్నాడని నా నమ్మకం. నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను, ఉద్యోగం చేయలేదు. నాతో చదివిన సుమ ఇప్పుడు మారేడ్‌పల్లి దాటాక ఉన్న ఒక కాలేజీ ల్యాబ్‌లో పనిచేస్తోంది. వస్తువుల లోపల ఒత్తిడి ఎక్కడ పేరుకుంటోందో కాంతితో చూసి, కెమెరాతో కొలవడం వాళ్ల పని. పగిలిన పలకలు రెండూ కొరియర్‌లో పంపాను. పది రోజుల తర్వాత ఫోన్ చేసి, "అదే ఆకారంల పారదర్శకమైన రెసిన్‌తోని నమూనా పోసిన. పాపను, బ్రేసును తీస్కొని రా" అంది. ల్యాబ్‌లో ఫొటో తీయించుకుని, నేరుగా లతీఫ్ భాయ్ ముందు పెట్టి అడగాలని నా ఆలోచన.

ఆ మాట విని మా అత్తమ్మ కూడా బయల్దేరింది. "నీకు గట్టిగ మాట్లాడ రాదు. నేనొస్త" అంది.

పొద్దున ఆరున్నరకల్లా స్టేషన్‌లో ఉన్నాం. అత్తమ్మ టీ తాగి, బొడ్డుసంచిలోంచి పది రూపాయల బిళ్ళ తీసి ఇచ్చింది. టీ అబ్బాయి ముట్టుకోలేదు.

"బిళ్ళలు వద్దమ్మా. ఎవ్వరు తీస్కుంటలేరు."

"సర్కారు అచ్చు గుద్దింది, నీకెందుకు వద్దురా?"

"మరి సర్కారుకే ఇయ్యి" అన్నాడు. అత్తమ్మ గొణుక్కుంటూ బిళ్ళను మళ్లీ సంచిలో వేసి నోటు ఇచ్చింది. ఆ బిళ్ళ నెలల తరబడి ఆమె దగ్గరే ఉంది. మా ఊళ్లో ఏ దుకాణంలోనూ చెల్లలేదు.

రైలు ఏడు దాటాక వచ్చింది. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ముందు వైపు పెట్టెలు ఎక్కడం మంచిది, జనం కొంచెం తక్కువ. ఆలేరు దాటేసరికి మిన్ను కళ్లు మూసుకుపోతుంటే బ్రేసు తొడిగాను. ఎదుటి సీట్లో కూరగాయల గంపతో కూర్చున్న పెద్దాయన చాలాసేపు చూశాడు.

"గిదేందమ్మా, పోరికి స్కేటింగ్ నేర్పుతున్నరా?"

"అవునయ్యా, ఒలింపిక్స్‌కు పంపుతున్నం" అంది అత్తమ్మ.

ఆయన పక్కనున్నావిడ మోచేత్తో ఆయన్ని పొడిచి, "కాలు బాగయితదా అమ్మా?" అని నన్ను అడిగింది. బాగైంది, నిలబెట్టుకోవాలి అన్నాను. భువనగిరిలో దిగుతూ ఆవిడ మిన్ను బొటనవేలిని ఒకసారి ముట్టుకుని వెళ్లింది.

సికింద్రాబాద్ స్టేషన్‌లో కొత్త కట్టడం పనులు నడుస్తున్నాయి. రేకులు అడ్డంపెట్టిన దారుల్లో తిరిగి బయటికి రావడానికే చాలా సమయం పట్టింది. వెళ్లేవాళ్లు దీన్ని లెక్కలో పెట్టుకోవాలి. మారేడ్‌పల్లి వైపు ఆటోకు బేరం అత్తమ్మ ఆడింది. పది గంటలకు ముందే ల్యాబ్ చేరాం.

గది చిన్నది. కిటికీలకు నల్ల తెరలు. ఒక బల్ల మీద వరుసగా లైటు పెట్టె, ఒక ఫిల్టరు, ఖాళీ జాగా, ఇంకో ఫిల్టరు, చివర కెమెరా. కెమెరా చూసేది పక్కనున్న కంప్యూటర్ తెర మీద కనిపిస్తుంది. సుమ మిన్నును ఎత్తుకుని, దాని చేతిలోని పారదర్శకమైన ప్లాస్టిక్ స్పూన్‌ను తీసి రెండు ఫిల్టర్ల మధ్య పట్టుకుంది. మామూలుగా నీళ్లలా కనిపించే స్పూన్ తెర మీద ఆకుపచ్చ, గులాబీ, పసుపు చారలతో నిండిపోయింది.

"పువ్వు" అంది మిన్ను. ఈ వయసులో దానికి అందమైనవన్నీ పూలే.

"అచ్చులో పోసినప్పుడు లోపల ఉండిపోయిన బిగువు ఇది" అంది సుమ. "చారలు ఎక్కడ దగ్గరదగ్గరగా ఉంటే అక్కడ ఒత్తిడి ఎక్కువ. ఒక్క ఫొటో సరిపోదు. ఫిల్టర్లను కొంచెం కొంచెం తిప్పుకుంట చాలా తీస్తం. వాటినన్నిటిని కలిపి ఏ బిందువు దగ్గర ఎంత ఒత్తిడో కంప్యూటర్ లెక్క చేస్తది."

తర్వాత నమూనా బయటికి తీసింది. మా పలక ఆకారమే, అద్దంలా ఉంది. పగిలిన పలకలోంచి తీసిన మా స్క్రూనే అందులో పెట్టి వేళ్లతో తిప్పి వదిలేసింది. తెర మీద నమూనా అంతా నల్లగా, ప్రశాంతంగా ఉంది, అంటే లోపల ఒత్తిడి లేదు. అప్పుడు దాని అంచుకు బరువులు వేలాడదీసింది. పాప కాళ్లు ఝాడించినప్పుడు పడే తాకిడికి బదులుగా అవి. కడ్డీ వైపు కొన్ని చారలు వచ్చాయి, దూరదూరంగా. రంధ్రం దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఇంకా బరువు వేసినా రంధ్రం దగ్గర గుంపు కట్టలేదు.

నాకు అయోమయంగా అనిపించింది. ప్లాస్టిక్ నాసిరకమైతే తన్నులకే పగలాలి, అదీ చారలు ఎక్కువున్న చోట. మా పలకలు పగిలింది వేరే చోట.

"బరువులు తీసేస్త" అంది సుమ. "ఇంట్ల ఎంత బిగిస్తవో అంత బిగించు."

సరిచేసిన పాదం కాబట్టి ఎడమ బూటు స్క్రూనే నేను రోజూ చాకు మొనతో బిగిస్తాను. సుమ స్క్రూడ్రైవర్ ఇచ్చింది. నా చేతికి అలవాటైనంత తిప్పాను. స్క్రూ తల చుట్టూ రంగుల వలయాలు పుట్టాయి. ఒకదాని వెనక ఒకటి, నీళ్లలో రాయి వేసినట్టు. బరువులు వేసినప్పుడు వచ్చినవాటి కన్నా చాలా దగ్గరగా ఉన్నాయి. సుమ ఫొటోలు తీసుకుంది.

నా వెనక నిలబడి చూస్తున్న అత్తమ్మ ముందుకొచ్చింది.

"గంతేనా నువ్వు బిగించేది? పిల్ల తంతే ఊడదా? జెర జరుగు."

బొడ్డుసంచిలోంచి ఆ పది రూపాయల బిళ్ళ తీసింది. దాని అంచును స్క్రూ గాడిలో పెట్టి, వేళ్లు తెల్లబడేలా తిప్పింది. "నువ్వు వంటింట్లకు పొయ్యినంక రోజు నేను గిట్ల ఒక చుట్టు వేస్త" అంది.

వలయాలు చిక్కబడ్డాయి. రంధ్రం అంచున రంగులు విడివిడిగా కనిపించడం ఆగిపోయి, సన్నని గీతల గుంపు అయింది.

సుమ ఫొటోలు తీసి, "ఇంకా ఎవరన్న బిగిస్తరా?" అని అడిగింది.

మా ఆయనకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"మిన్ను బ్రేసు స్క్రూ నువ్వెప్పుడన్నా బిగిస్తావా?"

"రోజు బిగిస్త. బండి టూల్ కిట్‌ల స్క్రూడ్రైవర్ ఉంది గద, ఆఫీసుకు పోయేముందు ఒకసారి చూస్త. ఏమైంది, లూజ్ అయిందా?"

"లేదు" అన్నాను. ఫోన్ పెట్టేశాను.

"ఆయన చుట్టు కూడ వెయ్యి" అంది సుమ. నేను స్క్రూడ్రైవర్ అందుకున్నాను. సగం కూడా తిరగలేదు. టిక్ అని చిన్న చప్పుడు. రంధ్రం నుంచి అంచు దాకా గీత పడింది. ఆ గీతకు రెండు వైపులా ఉన్న వలయాలన్నీ ఒక్కసారిగా మాయమై తెర నల్లబడింది. మా రెండు పలకల్లో పగులు ఉన్న చోటే అది కూడా.

"అయ్యో, నీ వస్తువు పగలగొట్టినం బిడ్డా" అంది అత్తమ్మ.

"పగలాలనే చేసిన ఆంటీ" అంది సుమ. తర్వాత స్క్రూ తీసి మాకు చూపింది. తల కింద భాగం కోసుగా, గరాటులా ఉంది. పలకలోకి దిగేలా రంధ్రాన్ని కూడా గరాటులా చెక్కారు. బిగించిన కొద్దీ ఆ కోసు రంధ్రాన్ని వెడల్పు చేస్తూ దిగుతుంది, కట్టెను చీల్చే చీలలాగ. ఒక సంగతి ఆమె గట్టిగానే చెప్పింది: రెసిన్ వేరు, అసలు ప్లాస్టిక్ వేరు, ఎంత బిగిస్తే పగులుతుందో దీన్నిబట్టి చెప్పలేం, ఒత్తిడి ఎక్కడ చేరుతుందో మాత్రం చెప్పగలం.

బ్రేసులో ఉన్న మూడో పలకను విప్పి కెమెరా కింద పెట్టాం. రంధ్రం అంచున వెంట్రుకంత గీత మొదలై ఉంది. ఆ రాత్రికే మాకు కొత్త పలక కావాలి.

పెరుగన్నం డబ్బాలు ల్యాబ్ వరండాలోనే తిన్నాం. అత్తమ్మ మిన్నుకు తినిపిస్తూ, దాని పాదం అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. ఒంటిగంటన్నరకు ఆటో ఎక్కి రాంగోపాల్‌పేట్ వెళ్లాం.

దారి పొడవునా నేను అనుకుని పెట్టుకున్న మాటలేవీ ఇప్పుడు పనికిరావు. లతీఫ్ భాయ్ మమ్మల్ని చూడగానే ముఖం ముడుచుకున్నాడు.

"మళ్లా పగిలిందా? నా మాల్‌ల ఖరాబేం లేదమ్మా. గీ బజార్ల ఎవర్నన్నా అడుగుండ్రి."

ఫోన్‌లో ఫొటో చూపించాను. కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు. "గిది నా పలకనా? నెమలీక లెక్క ఉన్నది" అన్నాడు. ఏది ఏమిటో వివరించాక స్క్రూ తల మీద వేలు పెట్టి, "తల పైకి ఉంటే బిడ్డ రెండో కాలుకు గీరుకుంటదని లోపలికి దించిన. నేను దానికోసం చేసిన" అన్నాడు. ఆ మాట అబద్ధం అనిపించలేదు. అది నా పాప కాలికోసం ఆలోచించినదే.

కొత్త పలకకు ఈసారి గరాటు చెక్కలేదు. అడుగు చదునుగా ఉన్న స్క్రూ, దాని కింద వెడల్పు వాషర్, పైన మెత్తని రబ్బరు టోపీ. గంటన్నర పట్టింది. అంతా అయ్యాక లతీఫ్ భాయ్ అలవాటుగా స్క్రూడ్రైవర్ అందుకుని, "ఇగ ఫుల్ టైట్ చేసి ఇస్త, పరేషాన్ ఉండదు" అన్నాడు.

"ఆగు!" అని నేనూ అత్తమ్మా ఒకేసారి అరిచాం. మిన్ను ఉలిక్కిపడి, తర్వాత నవ్వింది. నలుగురం అయ్యాం ఆ స్క్రూ బిగించేవాళ్లం. ఇచ్చే ముందు లతీఫ్ భాయ్ వేసే చుట్టును నేను లెక్కలోకే తీసుకోలేదు.

కదలకుండా నిలిచేంత మాత్రమే బిగింపజేశాను. పక్కనే గాజుల దుకాణంలో గోళ్లరంగు కొన్నాం. ఎరుపు అత్తమ్మే ఎంచింది. స్క్రూ తల మీద నుంచి వాషర్, పలక మీదికి ఒక్క గీత తిన్నగా గీశాను. గీత కలిసి ఉంటే స్క్రూ కదలలేదని అర్థం. కలిసి ఉన్నంతకాలం ఎవరూ ముట్టుకోకూడదు. టోపీ తీసి గీత చూడటం ఒక్కటే పని.

"గంతేనా?" అంది అత్తమ్మ.

"గంతే అత్తమ్మా."

సాయంత్రం ఐదు తర్వాతి రైలు. పిల్లలతో ఉన్నవాళ్లు ఆఫీసులు వదిలే వేళ కాకుండా ముందే బయల్దేరితే మంచిది, మాకు చర్లపల్లి దాకా నిలబడే గతి పట్టింది. ఘట్‌కేసర్‌లో కిటికీ సీటు దొరికింది. మిన్ను నిద్రకు తూలుతుంటే బ్రేసు తొడిగాను. రైలు కుదుపుకు కడ్డీ నా మోకాలికి తగులుతూ ఉంది. నా వేలు దానంతటదే స్క్రూ మీదికి వెళ్లింది. టోపీ తీసి చూశాను. గీత తిన్నగా ఉంది. టోపీ పెట్టేశాను. బీబీనగర్ రాకముందే మళ్లీ తీసి చూశాను. ఇది మానడానికి నాకు కొంతకాలం పడుతుంది.

భువనగిరిలో పల్లీల అతను ఎక్కాడు. అత్తమ్మ రెండు పొట్లాలు తీసుకుని, ఒక పది నోటు, దాంతోపాటు ఆ పది బిళ్ళ ఇచ్చింది.

"బిళ్ళ వద్దమ్మా" అన్నాడతను.

"తీస్కో బిడ్డా. ఇగ నా దగ్గర దానికి పని లేదు."

ఆమె గొంతు విని కాబోలు, అతను ఇంకేం అనకుండా జేబులో వేసుకున్నాడు. అత్తమ్మ బొడ్డుసంచి మూతి లాగి కట్టేసి, మిన్ను బూటు వైపు ఒకసారి చూసి, పల్లీలు ఒలిచి నా చేతిలో పెట్టడం మొదలుపెట్టింది.