ఎనిమిదో నెల ఆట

చిట్టెమ్మ చివరిగా చేసిన పని మామిడికాయలు తుడవడం. వాకిట్లో పీట వేసుకుని, కాళ్లు బారచాపుకుని, బకెట్లో నానిన కాయల్ని ఒక్కొక్కటే తీసి పాత పంచె ముక్కతో తుడిచి చాప మీద పెడుతోంది. తొడిమ దగ్గర తడి మిగిలితే ఆవకాయ బూజు పడుతుందని అక్కడ రెండోసారి ఒత్తి మరీ తుడుస్తోంది. నూకయ్య సైకిలు బయటికి తీస్తూంటే తలెత్తి, "బావా, వచ్చీటప్పుడు ఆవాలు మర్సిపోకు" అంది. అతను ఊఁ అన్నాడు. కార్ఖానా కూత అప్పటికే ఒకసారి అయిపోయింది.

మధ్యాహ్నం ఎవరో కార్ఖానాకి వచ్చి కబురు చెప్పారు. చీకటి పడేలోగా అంతా అయిపోయింది. ఆడపిల్ల పుట్టింది. చిట్టెమ్మకి రక్తం ఆగలేదు.

తరవాత ఎవరు అడిగినా నూకయ్య మామిడికాయల దాకా చెప్పి ఊరుకునేవాడు. దాచుకోవాలని కాదు. అక్కణ్ణించి చెప్పడానికి అతనికి ఏమీ తోచేది కాదు.

అతను ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో, పెట్టెలు బాగుచేసే కేరేజి షాపులో ఫిట్టరు. షాపు ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపరు. చిట్టెమ్మ అతని మేనత్త కూతురే. టెక్కలి పక్క పల్లె నుంచి పెళ్లై ఓల్డ్ సెటిల్‌మెంటు రైల్వే క్వార్టరుకి వచ్చింది. మొదటి ఏడు ఊరి మీద బెంగతో ముక్కు చీదుతూనే గడిపింది. రెండో ఏటికి గోల్ బజారులో బేరం బెంగాలీలో ఆడుతోంది. మూడో ఏడు, అరవై నాలుగు వేసవిలో, కడుపుతో ఉంది. ఆ వేసవిలో ఆమెకి మూడు కావాలి. సాయంత్రం బజారులో ఐసు వేసిన మారేడుపండు షర్బత్తు, రాత్రి వాకిట్లో నవారు మంచం, శనివారం ఫుట్‌బాల్.

ఆట చూడ్డానికి ఆడవాళ్లు మైదానానికి ఒక పక్క గట్టు మీద కూర్చునేవాళ్లు. పక్క క్వార్టరు కృపమ్మ చిట్టెమ్మని వెంటబెట్టుకు వెళ్లేది. చిట్టెమ్మకి నియమాలేవీ సరిగా తెలియవు. బావ వైపు బంతి రాకూడదు, అంతే. వస్తే తెచ్చినవాణ్ణి తిట్టేది.

"ఓలప్పా, ఆ బొండుముక్కోడు మల్లీ వస్తన్నాడు! బావా, కాళ్లిరగ్గొట్టీ!"

ఆ బొండుముక్కు వాడు ఇంజన్లు బాగుచేసే లోకో షాపు బెంగాలీ. తిట్టు అర్థం కాక, ఎవరో తన పేరు పెట్టి మెచ్చుకుంటున్నారనుకుని ఒకసారి గట్టు వైపు చెయ్యి ఊపాడు.

నూకయ్య గడ్డం పెంచాడు. భార్య కడుపుతో ఉంటే మొగుడు క్షవరం చేయించుకోకూడదని వాళ్లలో పట్టింపు. వేసవి ముదిరేసరికి అది రొమ్ము దాకా దిగింది. గోల్ ముందు నిలబడితే అవతలి జట్టు వాళ్లు, "ఓ సాధూబాబా, గడ్డంతో బొల్ ధరో!" అని, బంతి గడ్డంతో పట్టమని అరిచేవాళ్లు. చిట్టెమ్మ అందరికంటే ఎక్కువ నవ్వేది.

ఏడో నెల చివర్లో చిట్టెమ్మ తల్లి అప్పలనర్సమ్మ పురిటికి తీసుకెళ్లడానికి వచ్చింది. ఏడో నెలలో వెళ్లాలి, లేదంటే తొమ్మిదిలో. ఎనిమిదో నెలలో నిండుచూలాలు ప్రయాణం చెయ్యకూడదు. ఆ శనివారం లోకో షాపుతో ఫైనలు. చూసి ఆదివారం బండెక్కుతానని చిట్టెమ్మ మాటిచ్చింది.

ఆట ఆఖర్లో లోకో షాపుకి పెనాల్టీ వచ్చింది. నూకయ్య ఎడమ పక్కకి పడి బంతిని ఆపాడు. ఆట సమమైంది. వచ్చే శనివారం మళ్లీ ఆడాలన్నారు. మధ్యలో బుధవారానికి ఎనిమిదో నెల పడుతుంది.

"పదలే, మూట కట్టు. ఆట కోసం పురుడాగుతాదేటి?" అంది అప్పలనర్సమ్మ.

"అది తేలకుండా నానెల్లనమ్మా. తొమ్మిదిలో వస్తాను."

"సూసినావా బాబూ, నువ్వైనా సెప్పు. కన్నతల్లిని నాను రమ్మంటే దానికి మొగుడి బంతి కావాలట."

నూకయ్యకి పెనాల్టీ ఆపిన సంబరం ఇంకా దిగలేదు. "ఉండనీ అత్తా, నెల్లాళ్లే కదా" అన్నాడు.

అప్పలనర్సమ్మ ఒక్కర్తే వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర కూతురి మొహం తన వైపు తిప్పుకుని చూసింది. "పాలిపోయినావు. ఆకుకూర తిను" అంది.

రెండో ఆటలో కేరేజి షాపు గెలిచింది. ఒక్క గోల్. జట్టంతా నూకయ్యని భుజాల మీద ఎత్తుకుని గట్టు దాకా తెచ్చారు. దారిలో ఎవరో గడ్డం పట్టుకు లాగారు. చిట్టెమ్మ లేచి నిలబడి రెండు చేతులూ ముందుకి చాపింది. ఆ తరవాత మూడు వారాలు వాళ్లు బాగా బతికారు. రోజూ షర్బత్తు తాగారు. కొడుకైతే ముందు వరస ఆడాలని ఆమె, గోల్‌లో నిలబడాలని అతను పోట్లాడుకున్నారు. కూతురైతే ఎక్కడ నిలబడాలో ఇద్దరూ అనుకోలేదు.

నొప్పులు ముందుగా వచ్చాయి. అప్పలనర్సమ్మ రైలు దిగేసరికి చూడ్డానికి పిల్ల ఒక్కతే ఉంది. ఆమె అల్లుణ్ణి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బావుండేదని అతనికి అనిపించనూ లేదు. పదోనాడు గడ్డం తీశారు. గాలి చల్లగా తగిలింది, అంతే. పిల్లని గుడ్డలో చుట్టుకుని అత్త ఊరికి తీసుకుపోయింది.

నూకయ్య షాపుకి వెళ్లాడు, వచ్చాడు. వానల్లో క్వార్టరు కారితే పెంకులు సర్దాడు. జట్టు వాళ్లు రెండుసార్లు పిలిచారు, మూడోసారి పిలవలేదు. శనివారాలు కేకలు వినిపిస్తే తలుపు వెయ్యాలనీ తెరవాలనీ అనిపించేది కాదు. చిట్టెమ్మ మొండితనం గురించీ, తను ఆపిన పెనాల్టీ గురించీ ఇరుగుపొరుగు తలోమాట అన్నారు. ఆమె ఆట చూడాలనుకుంది, చూసింది, అదొక్కటీ దక్కింది కదా అనుకునేవాడు.

మరుసటి వేసవిలో ఒకరోజు కృపమ్మ కూర గిన్నె పట్టుకు వచ్చి గుమ్మంలో కూర్చుంది. కాసేపు వాళ్ల చెల్లెలి కబుర్లు చెప్పింది. దానికీ ఆరో నెలట, పొద్దు గూకితే కళ్లు కనపడ్డం లేదట, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారట.

"రేచీకటి. మన చిట్టెమ్మకొచ్చినట్టే" అంది.

నూకయ్య గిన్నె కింద పెట్టాడు. "చిట్టెమ్మకేటి?"

"నీకు సెప్పలేదా తమ్ముడా? మీ అత్త ఉన్నప్పట్నించే కదా. వాళ్లమ్మకి తెలిస్తే ఆ రోజే బండెక్కించేస్తాదని నా చేత ఒట్టేయించుకుంది. కానుపయితే పోతాదిలే అప్పా అనీది. నాను నమ్మినాను."

"మరి ఆటలు?"

"మొదటి సగం సూసీది. ఎలుగు తగ్గినాక నా సెయ్యట్టుకుని, ఏటయిందప్పా, ఏటయిందప్పా అని అడిగీది. నాను సెప్పినాక అరిసీది."

మొదటి ఫైనల్లో పెనాల్టీ, రెండోదాంట్లో గెలుపు గోల్, రెండూ దీపాలు పెట్టే వేళకే జరిగాయి. అవేవీ చిట్టెమ్మ చూడలేదు.