క్రియ చేతిలో కర్ర

మొన్న కొత్తకోటలో బస్సు దిగుతుంటే కండక్టరు నన్ను ఆపి చెప్పాడు. "సారూ, మన బడిల ఉండె గదా ఇంగ్లీషు సారు, పోయిండట. షాద్‌నగర్ల బిడ్డ ఇంట్ల పానం ఇడిసిండట." చెప్పి తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ కండక్టరుకు అక్షరాలు దిద్దించింది నేను. ఇంగ్లీషు సారు దగ్గర అతను చదివింది కొద్దికాలమే. నేను పోతే కళ్లు తుడుచుకుంటాడా అన్న ఆలోచన ముందు వచ్చింది. దుఃఖం ఆ తర్వాత వచ్చింది.

ఉర్దూ పోయి తెలుగులో చదువులు మొదలైన కొత్తలో మేమిద్దరం ఒకే బడిలో పనిచేశాం. నేను తెలుగు చెప్పేవాణ్ణి. పిల్లల్లో ఎక్కువమంది గొర్లు కాచే ఇళ్లవాళ్లు. ఇంగ్లీషంటే వాళ్లకు దవాఖాన సూదంత భయం. ఆయన వచ్చాక అది పోయింది.

ఆయన పాఠం నల్లబల్ల మీద కాదు, బడి ముందరి జాగాలో జరిగేది. 'మల్లయ్య గొర్రెలను తోలుతాడు' అనే వాక్యానికి ముగ్గురిని నిలబెట్టేవారు. ఒకడు మల్లయ్య, ఒకడు గొర్రెలు. క్రియ అయినవాడి చేతికి గొల్లల కర్ర ఇచ్చేవారు. తెలుగులో కర్ర చివరన ఉండేది. "ఇంగ్లీషు!" అని కేకవేయగానే కర్ర పట్టుకున్నవాడు ఉరికివచ్చి నడుమ నిలబడేవాడు.

"నడుమనే ఎందుకు సారూ?" అని ఒకడు అడిగాడు.

"మన తెలుగుల 'ను' పెడితే గొర్రె యాడున్నా గొర్రెనే. ఇంగ్లీషుల గది లేదు బిడ్డా. కర్రకు ముంగటున్నోడు తోలుతడు, ఎనుకున్నోన్ని తోలుతరు."

"గట్లయితే గొర్రెను ముంగట నిలవెడితే అదే మల్లయ్యను తోలుతదా?"

"తోలుతది. జాగ తప్పితే గంతే!"

ఆ నవ్వులు గోడ దాటి నా గదిలోకి వచ్చేవి. ఆయన కర్రవాణ్ణి పక్కకు పిలిస్తే మిగిలిన ఇద్దరూ చతికిలబడాలి. "కర్ర లేంది మంద కదలదు" అనేవారు. నా పిల్లలు పద్యం అప్పజెప్తూ కిటికీలోంచి అదే చూసేవాళ్లు. ఒకరోజు నేను కూడా పిల్లలను నిలబెట్టి సంధులు చెప్పబోయాను. "సారూ, మీ కాడ కర్ర లేదు గదా" అంది ముందు కూర్చున్న పిల్ల. అందరినీ కూర్చోబెట్టాను.

ఆయన సంచిలో ఎప్పుడూ వేయించిన పల్లీలుండేవి. గంట కొట్టగానే ముందు నాకే పెట్టేవారు. కాదనలేకపోయేవాణ్ణి. పల్లీలు బాగుండేవి.

ఒక ఏడు పెద్దసారు మా ఇద్దరినీ పిలిచారు. "పిల్లలు ఇంగ్లీషుల ఎనుకవడ్డరు. మీ పొద్దుగాల గంట గీయనకిస్తరా?" అని నన్ను అడిగారు. నాకున్న మంచి గంట అదొక్కటే. మధ్యాహ్నమైతే సగంమంది మందల దగ్గరికి పోయేవాళ్లు. నేను నోరు తెరిచేలోపే ఇంగ్లీషు సారు అందుకున్నారు.

"నాకద్దు సార్. తెలుగు వాక్యమే రానోనికి కర్ర యాడ వెట్టాల్నో నేనెట్ల చెప్త? గా గంట సారుకే ఉండనీయుండ్రి."

నా గంట నాకు దక్కింది. అది ఆయన విడిచిపెట్టింది కావడమే మింగుడుపడలేదు. పోట్లాడటానికి కూడా సందివ్వని మనిషి.

మరునాడు పొద్దున ఆయనకు తరగతి లేదు. చెప్పులు బయట విడిచి వచ్చి, నా గదిలో అందరికన్నా వెనుక, పిల్లల పక్కన నేల మీద కూర్చున్నారు. "నాకు పద్యాలు రావు సార్. జర నేర్చుకుంట" అన్నారు. తరగతంతా వెనక్కి తిరిగి ఆయననే చూస్తోంది. నేను పద్యం ఎత్తుకున్నాను. ఒక్కరూ ఇటు తిరగలేదు. అప్పుడాయన వేలెత్తి నన్ను చూపించారు. ఒక తల తిరిగింది, దాని పక్కది తిరిగింది. అన్నీ నా వైపు తిరిగేదాకా ఆయన ఆ వేలు దించలేదు.