అడగకుండా తెచ్చుకున్న మరువం

పెళ్ళయిన కొత్తలో మా అత్త నాకు ఒక్క మరువం కొమ్మ ఇవ్వనంది. ఆ పూట నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

చీపురుపల్లి దగ్గర పల్లె మా అత్తవారిది. పెరట్లో నూతి పక్కన, అడుగు చిల్లిపడ్డ ఇనప బకెట్టులో ఆవిడ మరువం పెంచేది. ఎర్రమట్టి, కాస్త ఇసుక, మాగిన పేడ ఎరువు, అంతే. తెల్లటి పూత కనబడితే చాలు, గోటితో కొస గిల్లేసేది. పూస్తే ఆకులో వాసన తగ్గిపోతుందని ఆవిడ బాధ. గిల్లిన కొసలన్నీ కనకాంబరాల మధ్య పెట్టి మాల కట్టేది. ఆ మాల వాడిపోయి పారేశాక కూడా తలగడ మరువం వాసన వేసేది.

మా ఆయనకు గరివిడిలో ఫ్యాక్టరీ ఉద్యోగం. కాపురానికి బయలుదేరేటప్పుడు, "అత్తా, ఒక కొమ్మ ఇవ్వు, అక్కడ పాతుకుంటాను" అన్నాను. "ఇవ్వనే" అంది. చింతపండు, ఆవకాయ, మినపసున్ని అన్నీ మూటలు కట్టిన మనిషికి ఒక్క రెమ్మ దగ్గర చెయ్యి రాలేదా అని ఒళ్ళు మండింది. మూతి ముడుచుకుని అరుగు మీద కూర్చున్నాను. చివరికి ఆవిడే వచ్చింది.

"ఒసే, మరువం అడిగి పట్టుకెల్తే బతకదు. దొంగతనంగా పట్టుకెల్తేనే వేరు పడతాది. నాను అటు తిరిగి ఉంటాను, తెంపుకో."

నూతివైపు తిరిగి నిలబడింది. నేను ఒక కొమ్మ తెంపాను.

"అయిపోనాదేటే?"

"అయిపోయింది అత్తా."

"దొంగ ఎక్కడైనా జవాబు సెప్తాదేటే? ఇంకోటి తెంపు."

రెండూ పాతాను. జవాబు చెప్పి తెచ్చింది ఎండిపోయింది, నోరు మూసుకుని తెచ్చింది బతికింది. నవ్వుకుంటే నవ్వుకోండి, జరిగింది ఇదే.

ఒకసారి అత్త మా ఇంటికి వచ్చి ఉండగా పక్కింటావిడ మరువం అడిగింది. అత్త ఆవిడకూ ఇదే పాఠం చెప్పి, తను గోడవైపు తిరిగి, నన్నూ భుజం పట్టుకుని తిప్పింది. ఆ మహాతల్లి ఏపుగా ఉన్న కొమ్మే చూసి తెంపుకుపోయింది. నేను సణుగుతూ ఉంటే, "పోనీలేయే, రెండు ఇల్లల్లో ఉంటాది" అంది అత్త.

అత్త పోయాక ఊళ్ళో పెరడంతా సిమెంటు చేశారు. బకెట్టు ఏమైందో ఎవరికీ తెలియదు. ఇక ఆవిడ మరువం మా ఇంట్లోనే ఉందని, దాన్ని చంటిపిల్లలా చూసుకున్నాను. ఫ్యాక్టరీ దుమ్ము పడితే తడిగుడ్డతో ఆకులు తుడిచేదాన్ని. అలాంటిది, కిందటి వానాకాలం మా ఆయన ముచ్చటపడి కొత్త కుండీ తెచ్చి, నేను ఇంట్లో లేనప్పుడు మొక్కను అందులోకి మార్చారు. దానికి అడుగున కన్నం లేదు. ముసురు విడిచేసరికి వేళ్ళు కుళ్ళిపోయాయి. "నర్సరీలో ఇంకోటి తెద్దాంలే, మరువానికి మరువమే కదా" అన్నారు. ఆ మనిషితో ఆ రోజంతా మాట్లాడలేదు. నాకు కావలసింది మా అత్త మొక్క. అది ఇంకెక్కడుంది?

పక్కింట్లో ఉంది. వెళ్ళాను. కుండీ నిండా గుబురుగా ఉంది. అడగకూడదు కాబట్టి అడగలేదు, ఊరికే గేటు దగ్గర నిలబడ్డాను. ఆవిడ నా మొహం చూసింది, మొక్కను చూసింది. గోడవైపు తిరిగింది.

వంగి కొమ్మ తెంపాను. చేతికి అదే వాసన. నూతి గట్టు, అత్త వీపు, నెరిసిన ముడి కళ్ళముందుకు వచ్చేశాయి.

"అయిపోనాదేటి వదినా?" అంది ఆవిడ.

దొంగ జవాబు చెప్పకూడదు కదా, చెప్పలేదు. కొమ్మను కొంగులో దాచుకుని వచ్చేశాను. నేను గేటు దాటేదాకా ఆవిడ ఇటు తిరగలేదు.