నా కాలు, మా బావ నడుము

నేను ఎదురుకాళ్లతో పుట్టినదాన్ని. తలకాయకు బదులు కాళ్లు ముందొచ్చినాయంట. అట్ల పుట్టినోళ్లు తొక్కితే పట్టుకున్న నడుము వదుల్తాదని మా ఆలూరు పక్క పల్లెల్లో నమ్మకం. కర్నూలు రాజధానిగా ఉండిన ఆ రోజుల్లో నేను పెండ్లికెదిగిన పిల్లను. తెల్లారితే చాలు, మా వాకిట్లో ఎవుడో ఒకడు బోర్లా పడుకోని మూలుగుతాండె. కల్లాపి చల్లనీకి జాగా లేక నాకు ఒళ్లు మండేది.

ఉగాది వస్తాందంటే ఇంకా ఎక్కువ. పండగనాడు చావిడి ముందర గుండెత్తే పందెం. నున్నటి రాతిగుండు, భుజం మీదికి ఎత్తినోడే మొగోడు. "ఎట్లెత్తినావప్పా?" అని తొక్కుతానే అడుగుతాంటి. అందరిదీ ఒకటే మాట, కాళ్లు గుంజల మాదిరి నిలబెట్టి నడుమొంచి లాగినామని. ఇంక పట్టక ఏం చేస్తాది?

వాళ్లలో మా మేనత్త కొడుకు ఒకడు. నాకు నిశ్చయమైన బావ. సాధన చేస్తానని రెండుసార్లు నడుము పట్టించుకోని వచ్చినాడు. రెండోసారి అత్త కూడా వెంట వచ్చి తేల్చేసింది. "మళ్లీ నడుము పట్టిందంటే పెండ్లి వచ్చే ఏడే. పెండ్లయినాక నువ్వు తొక్కేదానికి లేదు పిల్లా. మొగుని మీద కాలు పెడితే పాపం."

నాకు అన్నం సయించలేదు. బావంటే నాకు శానా ఇష్టం, దాచేదేముంది. గుండు మానుకోమంటే ఊరంతా నవ్వుతాదంటాడు.

"అట్లయితే నేను చెప్పినట్ల ఎత్తు" అన్నా.

"నువ్వెప్పుడెత్తినావు మే గుండు?"

"నేనెత్తలా. ఎత్తి పడినోళ్లనందరినీ తొక్కినా."

లేసి పంచె ఎగ్గట్టినాడు.

పెరట్లో శెనక్కాయల మూటతో మొదలుపెట్టించినా. దగ్గరికి పోయి మోకాళ్లు వంచి కూసో. మూటను కడుపుకు అదుముకో. వీపు వంగకుండా తొడల బలంతో లెయ్. తిరగాలంటే నడుము కాదు, కాళ్లు తిప్పు. దించేటప్పుడూ అంతే. నాతో తిట్లు తిని తిని నేర్చుకున్నాడు.

పందెంనాడు ఆడోళ్ల మధ్య నిలబడి చూస్తాంటి. బావ మోకాళ్లు వంచి గుండు ముందర కూసున్నాడు. "ఏమప్పా, బర్రెను పిండనీకి కూసున్నావా?" అని ఎవురో అంటే అందరూ నవ్వినారు. మా బావ చెవిన పడలేదు. గుండు భుజమెక్కింది. ఊరంతా అరుస్తాంటే నా కండ్లు మాత్రం ఆ మోకాళ్ల మీదనే ఉండాయి. వంచి, మెల్లగా దించి, నిటారుగా నిలబడినాడు. నాకు ఏడుపు ఆగలేదు.

అనుకున్న నెలకే పెండ్లయింది. మరుసటేడు మాకు బిడ్డ పుట్టింది. ఒకనాడు చాప మీద పండుకోనుండే బిడ్డను ఈ మహానుభావుడు కాళ్లు నిలబెట్టి నడుమొంచి ఎత్తినాడు. అంతే, పట్టుకుంది. బిడ్డను నా చేతికిచ్చి బోర్లా పడినాడు.

"తొక్కు మే" అన్నాడు.

"పాపం కదా? మీయమ్మ చెప్పలా?"

"ఆ పాపం నా లెక్కలో రాసుకో, తొక్కు."

బిడ్డను పండబెట్టి తలుపేసినా. కాలు ఎత్తబోతాంటే బయటి నుంచి అత్త గొంతు వినబడింది.

"పిల్లా, మెల్లగా తొక్కు."