ఎర్ర దారం కట్టిన బెలూన్

సారు పోయారని చేవెళ్లలో జ్యూస్ బండి అవ్వ చెప్పింది. ఎప్పటిలాగే బత్తాయి తొక్కల కోసం ఆటో ఆపాను. "ఇంకెవరికి కొడుకా ఈ తొక్కలు? మీ సారు పొద్దుగాల పాణం ఇడిచిండంట" అంది. ఎప్పుడూ ఆమెను ఆటపట్టించకుండా కదలని నేను వెంటనే ఆటో తిప్పాను. సంచి మాత్రం ఎత్తుకొచ్చాను, ఎందుకో తెలియదు.

మొయినాబాద్‌లో మా పక్కిల్లే ఆయనది. ఎనిమిదో తరగతిలో నాకు సైన్సు చెప్పారు; తొమ్మిదికి నేను పోలేదు. రిటైరయ్యాక ఆయనకు ఒకటే ధ్యాస: పండ్ల తొక్కల్లోని గట్టి పీచును గామా కిరణాలతో విరగ్గొడితే, అది తొందరగా కుళ్లి ఎక్కువ గ్యాస్ ఇస్తుందా? తొక్కలు ఎండబెట్టి దంచేవారు. సగం పొడి పట్నంలో మసాలాలు పాడవకుండా ఆ కిరణాలు పట్టించే కేంద్రంలో పనిచేసే శిష్యుడికి పంపేవారు. మోసేది నేను. తిరిగొచ్చిన సంచిని చూసి, రేడియేషన్ అంటుకుంటుందని వాడకట్టు జనం జంకితే, "ఎండల ఆరేసిన అంగీ సూర్యుడైతదా? గిదీ గంతే" అనేవారు.

కిరణాలు తగిలిన సంచికి ఎర్ర దారం, తగలనిదానికి తెల్లది. పేడనీళ్లతో కలిపి రెండు సీసాల్లో పోసి, మూతులకు బెలూన్లు తొడిగి, అవే రంగుల దారాలు బిగించేవారు. ఏ బెలూన్ ముందు లేస్తుందో చూడటం ఆయన పని. నేనేమో ఒకసారి సంచుల మీదే దారాలు మార్చి పెట్టాను. నన్ను ఎరిగినవాళ్లకు ఇది వింతేమీ కాదు.

తెల్లది లేచింది. సారు తల గోక్కుంటే నవ్వుకుందామని కాచుకున్నాను. ఆయన "కిరణాలతో లాభం లేదు" అని నోటుబుక్కులో రాసి, ఇక చాలని శిష్యుడికి చెప్పడానికి ఫోన్ తీశారు.

"సార్, దారాలు నేనే మార్చిన."

సారు ఫోన్ కింద పెట్టారు. "వారం దినాలు నా మొఖం చూసుకుంట ఎట్ల నవ్వినవ్‌రా?"

తిట్టి ఉంటే బాగుండేది. రాసింది కొట్టేసి, "దారాలు మారినవి. మళ్లీ చేయాలి" అని రాశారు. నా పేరు రాయలేదు.

మళ్లీ చేసేసరికి ఆయనకు ఆయాసం పట్టుకుంది. కుర్చీలో కూర్చుని దారాలు నా చేతికిచ్చారు. "నువ్వే కట్టు."

"నన్ను నమ్ముతున్నరా సార్?"

"జర గట్టిగ కట్టు. ముచ్చట్లు తర్వాత."

అది పోయిన వారం మాట.

దహనం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని ఆయన గదిలోకి వెళ్లాను. ఆటోలో తొక్కలు అప్పుడే వాసన వేస్తున్నాయి. కిటికీలో తెల్ల దారం బెలూన్ సీసా మీదికి వాలిపోయి ఉంది. ఎర్రది నిటారుగా లేచి, ఖాళీ కుర్చీ వైపు మెల్లగా ఊగుతోంది.